చదును పాదాలతో ఆట: చీలమండ లోపలి నొప్పికి మీరేం చేస్తున్నారు?

ఈకబంతి (చర్చ ప్రారంభించినవారు)

నాకు 29 ఏళ్లు. వారానికి నాలుగు రోజులు బ్యాడ్మింటన్ ఆడతాను. చిన్నప్పటి నుంచీ రెండు పాదాలూ చదునే. తడి కాలితో గచ్చు మీద అడుగు వేస్తే అరికాలు మొత్తం అచ్చు పడుతుంది, మధ్యలో ఖాళీ ఉండదు. ఇన్నేళ్లూ దాని వల్ల ఏ ఇబ్బందీ లేదు. రెండు నెలలుగా మాత్రం కుడి చీలమండకు లోపలి వైపు, గుబ్బ ఎముక కింద నొప్పి. ఆట మొదలైన పావుగంటకు ఒళ్లు వేడెక్కి తగ్గుతుంది. ఇంటికి వచ్చి కాసేపు కూర్చుని లేస్తే కుంటుతూ నడవాలి. మోకాలి కింద ముందు ఎముక లోపలి అంచు వెంబడి కూడా సలుపు ఉంటోంది.

నాతో ఆడేవారిలో ఒకరు "నీ పాదాలకు ఈ ఆట సరిపడదు, ఈత నేర్చుకో" అన్నారు. ఆ మాట నాలుగు రోజులుగా మనసును వదలడం లేదు. ఈ ఆట మానేయడం నాకు తేలికైన సంగతి కాదు. చదును పాదాలతోనే ఆడుతున్నవారు ఇక్కడ ఉంటే చెప్పండి. బూట్లు మార్చాలా, లోపల ఇన్‌సోల్ పెట్టుకోవాలా, వ్యాయామం చేయాలా, కొన్నాళ్లు కదలకుండా కూర్చోవాలా?

నెమ్మదిపరుగు

ఈకబంతి గారూ, ముందుగా ఆ "సరిపడదు" అన్న మాటను పక్కన పెట్టండి. నావీ చదును పాదాలే. 14 ఏళ్లుగా పరుగెత్తుతున్నాను, 42.195 కిలోమీటర్ల పూర్తి మారథాన్లు నాలుగు పూర్తి చేశాను. నాకూ మొదట్లో ఇదే మాట చెప్పినవారు ఉన్నారు. దాన్ని నమ్మి రెండేళ్లు పరుగు మానేశాను. ఆ రెండేళ్లు పోయినందుకు ఇప్పటికీ బాధే.

కొత్తగా పరుగు మొదలుపెట్టిన 927 మందికి ఒకే రకం సాధారణ బూట్లు ఇచ్చి ఏడాది పాటు గమనించిన డెన్మార్క్ పరిశోధన ఒకటి ఉంది. చదును పాదాల్లా పాదం లోపలికి వాలేవారికి గాయాలు ఎక్కువ అవుతాయనుకుంటే, అలా ఏమీ తేలలేదు. అంతకుముందు 1993లో అమెరికా సైన్యంలో శిక్షణ పొందుతున్న 246 మంది మీద వచ్చిన ఫలితమైతే అందరి ఊహకూ ఎదురు తిరిగింది. ఎక్కువ వంపు ఉన్న పాదాలవారికే గాయాలు ఎక్కువ, అందరికంటే చదునుగా ఉన్నవారికి తక్కువ. ఇవి గుంపుల మీద వచ్చిన లెక్కలు, మీ కుడి కాలికి హామీ కావు. కానీ పాదం చదునుగా ఉంటే ఆటే కూడదు అనడానికి ఆధారం లేదని చెప్పడానికి ఇవి చాలు.

నా అనుభవంలో అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. 29 ఏళ్లుగా చదునుగానే ఉన్న పాదం రెండు నెలల క్రితమే ఎందుకు నొప్పి పెట్టింది? అప్పుడు ఏం మారింది?

ఈకబంతి

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు. చాలా మారాయి. పోటీలు ఉన్నాయని వారానికి రెండు రోజుల ఆటను నాలుగు చేశాను. చెక్క నేల ఉన్న కోర్టు దొరక్క సిమెంటు నేల మీద ఆడుతున్నాను. అదే వారంలో కాళ్లలో చురుకు కోసం రోజూ తాడాట మొదలుపెట్టాను. బూట్లు మూడేళ్ల నాటివి. కుడి బూటు మడమ లోపలి అంచు అరిగి ఒక పక్కకు ఒరిగి ఉందని ఇప్పుడే బల్ల మీద పెట్టి వెనక నుంచి చూసి గమనించాను.

కండరమిత్ర

నేను ఫిజియోథెరపిస్టును. రాసినది చదివి జబ్బు పేరు చెప్పేయడం నాకు ఇష్టం లేదు, కాలు పట్టుకుని చూడకుండా అది తగదు. కానీ మీరు చూపిన చోట ఏముందో చెప్పగలను.

పిక్కలో లోతుగా టిబియాలిస్ పోస్టీరియర్ అనే కండరం ఉంటుంది. దాని టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటి భాగం, చీలమండ లోపలి గుబ్బ వెనక నుంచి మలుపు తిరిగి, పాదం లోపలి అంచున ఉండే నావిక్యులర్ ఎముకను ప్రధానంగా పట్టుకుంటుంది. అడుగు నేలకు తగలగానే పాదం వంపు కొంత కుంగి దెబ్బను పీల్చుకుంటుంది. మరుక్షణమే బిగిసి, ఒంటిని ముందుకు నెట్టడానికి ఊతమవుతుంది. 26 ఎముకలు, 33 కీళ్లు కలిసి చేసే ఈ పనిలో ఆ కుంగుబాటును అదుపు చేసే బాధ్యత చాలావరకు ఈ టెండన్‌దే. వంపు తక్కువగా ఉన్న పాదంలో దానికి పని ఎక్కువ. ఏళ్ల తరబడి అలవాటైన పనిని అది కిమ్మనకుండా చేస్తుంది. ఒక్క వారంలో ఆట రెట్టింపై, నేల గట్టిదై, పైగా తాడాట చేరితే తట్టుకోలేదు. కాబట్టి మీ పాదం ఆకారాన్ని నిందించకండి. ఆ వారంలో పెరిగిన భారమే అసలు సంగతి అని నా అభిప్రాయం.

ఇంట్లో మూడు చిన్న పరీక్షలు చేసి ఇక్కడ రాయండి. ఫోనును వెనక నేల మీద నిలబెట్టి వీడియో తీస్తూ, వట్టి కాళ్లతో రెండు పాదాల మునివేళ్ల మీద లేవండి. పైకి లేచినప్పుడు వంపు కనిపిస్తుందా, మడమలు లోపలికి తిరుగుతాయా? రెండోది, గోడకు వేళ్లు ఆనించి కుడి కాలు ఒక్కదాని మీదే లేవండి. ఎన్నిసార్లు లేవగలరు, నొప్పి ఉందా, మడమ లోపలికి తిరుగుతుందా? మూడోది, ముందు ఎముక లోపలి అంచును పై నుంచి కిందికి బొటనవేలితో నొక్కుతూ రండి. నొప్పి జానెడు పొడవున పరుచుకుని ఉందా, లేక నాణెమంత చోట గుచ్చుకుంటోందా?

మూడోది తేలిగ్గా తీసుకోకండి. పరుచుకున్న నొప్పి అయితే సాధారణంగా షిన్ స్ప్లింట్స్ అంటాం. ఒకే బిందువు దగ్గర గుచ్చుకుంటూ, నడిచినా, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే ఎముకలో సన్నని పగులు ఉందేమో చూడాలి. అప్పుడు ఆట వెంటనే ఆపాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు కూడా.

ఈకబంతి

రెండు కాళ్ల మీద లేస్తే వంపు చక్కగా వస్తోంది, మడమలు లోపలికి తిరుగుతున్నాయి. నా పాదానికి వంపు ఉండటం నేను చూడటం ఇదే మొదటిసారి! ఒంటికాలి మీద ఎడమ వైపు 22 సార్లు లేచాను. కుడి వైపు తొమ్మిదో సారికే వణుకు, పదకొండోసారి ఆపేశాను. ముందు ఎముక మీద నొప్పి జానెడు పొడవున ఉంది, ఒకే చోట కాదు. రాత్రి నొప్పి లేదు.

ఇద్దరు పిల్లల అమ్మ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పెద్దబాబుకు ఎనిమిదేళ్లు. పాదాలు చదును. ఫుట్‌బాల్ ఆడతాడు, నొప్పి అని ఎప్పుడూ అనలేదు. శిక్షకుడు మాత్రం "ఇప్పుడే ప్రత్యేక బూట్లు వేయించకపోతే పాదం అలాగే ఉండిపోతుంది" అని భయపెట్టారు. రాత్రి నిద్ర పట్టలేదు.

కండరమిత్ర

అమ్మా, కంగారు పడకండి. పిల్లలందరి పాదాలూ పుట్టినప్పుడు చదునుగానే ఉంటాయి. అరికాలి కొవ్వు, వదులైన కీళ్లు వంపును కప్పేస్తాయి. వంపు పదేళ్ల వయసు వరకూ ఏర్పడుతూనే ఉంటుంది. కొందరికి ఎప్పటికీ పూర్తిగా రాదు, అయినా వారికి ఏ ఇబ్బందీ ఉండదు. 1989లో వెలువడిన ఒక పరిశోధనలో చదును పాదాలున్న చిన్నపిల్లలను విభజించి, కొందరికి ప్రత్యేక బూట్లు, ఇన్‌సోళ్లు మూడేళ్ల పాటు వేయించారు. చివరికి చూస్తే అవి వేసుకున్నవారికీ, వేసుకోనివారికీ వంపులో తేడా లేదు. నొప్పి లేని బిడ్డ పాదానికి వైద్యం అవసరం లేదు. మునివేళ్ల మీద లేచినప్పుడు వంపు కనిపిస్తే ఆడనివ్వండి.

నాలుగు సందర్భాల్లో మాత్రం చూపించండి: నొప్పి అంటే, ఒక పాదమే చదునుగా ఉంటే, పాదం బిగుసుకుపోయి మునివేళ్ల మీద కూడా వంపు రాకపోతే, ఆడటానికి వెనకాడుతుంటే. ఈ వయసులో మడమ వెనక నొప్పి అంటే అది పాదం చదును వల్ల అని వెంటనే అనుకోకండి. మడమ ఎముక ఎదిగే చోట పిక్క లాగడం వల్ల వచ్చే నొప్పి ఆటలాడే పిల్లల్లో మామూలే, ఎదుగుదల పూర్తయ్యాక పోతుంది.

ఇద్దరు పిల్లల అమ్మ

వాడిని సబ్బు డబ్బా అందుకోమని మునివేళ్ల మీద నిలబెట్టి చూశాను. రెండు పాదాలకూ వంపు వచ్చింది. మీకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.

ఎడమకాలి షాట్

అన్నయ్యా, నాకు 15 ఏళ్లు. నేనూ ఫుట్‌బాల్ ఆడతాను. మీరు చెప్పిన పరీక్ష చేశాను. ఎడమ పాదం మునివేళ్ల మీద లేచినా చదునుగానే ఉంది, మడమ కూడా తిరగడం లేదు. ఈ ఏడాదిలో అదే చీలమండ మూడుసార్లు బెణికింది. ఎత్తుపల్లాల మైదానంలో పరుగెత్తితే చీలమండ బయటి వైపు బాగా నొప్పి. ఇంట్లో చెబితే ఆట మాన్పిస్తారని చెప్పలేదు.

కండరమిత్ర

తమ్ముడూ, ఈ రోజే ఇంట్లో చెప్పు. ఆట మాన్పించడానికి కాదు, ఆడటానికే చెప్పాలి. వంగని చదును పాదం, పదేపదే బెణుకు, గతుకుల నేల మీద నొప్పి, ఈ మూడూ నీ వయసులో కలిసి వస్తే పాదం వెనక భాగంలో రెండు ఎముకలు విడివిడిగా ఉండవలసింది కలిసిపోయి ఉన్నాయేమో చూడాలి. దాన్ని టార్సల్ కొయలిషన్ అంటారు. పుట్టుకతోనే ఉంటుంది, ఆ కలయిక గట్టిపడే 8-16 ఏళ్ల మధ్య బయటపడుతుంది. ఎముకల వైద్యుడు పరీక్షించి ఎక్స్‌రే, అవసరమైతే సీటీ స్కాన్ తీయిస్తారు. కొందరికి కొన్ని వారాలు కట్టు వేసి విశ్రాంతి ఇస్తే సరిపోతుంది, కొందరికి శస్త్రచికిత్స కావాలి. ఈ చర్చలో ఉన్న వ్యాయామాలేవీ నువ్వు ఇప్పుడు చేయకు.

ఎగిరేబంతి

నేను వాలీబాల్ ఆడతాను. ఇన్‌సోళ్ల గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి చెబుతున్నాను. వంపు కింద ఊతమిచ్చే ఇన్‌సోల్ పెట్టుకున్న రెండో వారానికే నా మోకాలి చిప్ప నొప్పి సగం తగ్గింది. ఆరేళ్లుగా అవి లేకుండా కోర్టులో అడుగు పెట్టలేదు. ఈకబంతి గారూ, ముందు అవి తీసుకోండి, మిగతావి తర్వాత.

నెమ్మదిపరుగు

మీకు మేలు జరిగినందుకు సంతోషం. కానీ ఆరేళ్లు దాని మీదే ఆధారపడటం నాకు సరిగా అనిపించదు. నేనూ మూడేళ్లు వాడాను. బూట్లు మార్చినప్పుడల్లా అవి సరిగా కూర్చోక కొత్త నొప్పి వచ్చేది. పిక్క, పాదం బలపడ్డాక తీసేశాను, మళ్లీ అవసరం పడలేదు.

ఎగిరేబంతి

మీకు అవసరం పడలేదు కాబట్టి నాకూ పడకూడదని లేదు కదండి. నేను వ్యాయామమూ చేస్తాను. అయినా ఇన్‌సోల్ లేకుండా వరుసగా మూడు సెట్లు ఆడితే మర్నాడు మెట్లు దిగలేను. కళ్లజోడు పెట్టుకున్నవారిని కళ్లకు బలం పెంచుకోమని ఎవరూ అనరు.

కండరమిత్ర

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఇన్‌సోల్ వంపును తయారు చేయదు. అది వేసుకున్నంతసేపు టెండన్ మీది లాగుడును కొంత తగ్గిస్తుంది. నొప్పి ఎక్కువగా ఉన్న వారాల్లో ఆ తగ్గింపు చాలా విలువైనది, దాని చాటున బలం పెంచుకోవచ్చు. కొందరు తర్వాత తీసేస్తారు, కొందరు ఉంచుకుంటారు. ఉంచుకోవడం తప్పేమీ కాదు. సుఖంగా ఉందా, నొప్పి తగ్గిందా అన్నవే కొలతలు. కొలత తీసుకుని చేయించినవే కావాలని కూడా లేదు. చాలామందికి సిద్ధంగా దొరికేవే అంతే పని చేస్తాయి.

కొనే ముందు ఒక చిన్న ఉపాయం. ఫిజియోథెరపిస్టు చేత పాదం వంపుకు టేపు వేయించుకుని ఒక రోజు ఆడి చూడండి. టేపుతో నొప్పి తగ్గితే ఇన్‌సోల్‌తోనూ తగ్గే అవకాశం ఉంది. తేడా లేకపోతే దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

ఎగిరేబంతి

టేపు సంగతి నాకు తెలియదు, మంచి మాట చెప్పారు. కొత్తగా వాడేవారికి నావి రెండు మాటలు. బూటులో ముందే ఉన్న పొరను తీసి, దాని స్థానంలో ఇన్‌సోల్ పెట్టండి. రెండూ ఒకదాని మీద ఒకటి వేస్తే మడమ పైకి లేచి బూటులోంచి జారుతుంది, పక్కకు కదిలినప్పుడు చీలమండ బెణుకుతుంది. నాకు అలాగే అయింది. మొదటి రోజే ఆటకు వేసుకోవద్దు. ఇంట్లో గంట, మర్నాడు రెండు గంటలు, అలా వారం పది రోజులు అలవాటు చేసుకోండి. వంపు దగ్గర గులకరాయి మీద నిలబడ్డట్టు ఉంటే అది మీ పాదానికి సరిపోలేదని అర్థం.

వట్టికాళ్లు

నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. పాదాన్ని పాడు చేసింది బూట్లే. 1992లో వచ్చిన పరిశోధనలో 2300 మంది పిల్లల పాదాలు చూశారు. బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలు, వేసుకోనివారిలో 2.8 శాతం మందికే. అందరూ బూట్లు విప్పి ఆడండి, పాదం తనంతట తానే బాగుపడుతుంది.

కండరమిత్ర

ఆ పరిశోధన నాకూ ఇష్టమే. పిల్లలను వీలైనంత వట్టి కాళ్లతో ఆడుకోనివ్వమని నేనూ చెబుతాను. కానీ అది ఎదుగుతున్న పాదాల సంగతి. 29 ఏళ్ల ఎముకలు, కీళ్లు తమ ఆకారాన్ని అలా మార్చుకోవు. బూట్లకు అలవాటు పడిన కాలు ఒక్కసారిగా వట్టిగా సిమెంటు మీద దూకితే పాదం ముందు భాగపు ఎముకల్లో పగుళ్లు వచ్చినవారిని నేను చూశాను. ఇంట్లో వట్టి కాళ్లతో నడవండి, వ్యాయామాలు వట్టి కాళ్లతో చేయండి. కోర్టులో వద్దు. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారు ఇంట్లో కూడా వద్దు.

వట్టికాళ్లు

స్పర్శ తగ్గినవారి గురించి నేను ఆలోచించలేదు. "అందరూ" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా ఇంట్లోనే అలాంటివారు ఉన్నారు.

పాతరాకెట్

నాకు 54. టెన్నిస్. నేను చేసిన పొరపాటు ఎవరూ చేయకూడదని రాస్తున్నాను. నా పాదాలు పుట్టుకతో చదును కావు. 51వ ఏట ఎడమ చీలమండ లోపలి వైపు వాపు వచ్చింది. బెణుకు అనుకుని నొప్పి మాత్రలతో ఆడాను. ఎనిమిది నెలలు గడిచాక మా అమ్మాయి నా వెనక నడుస్తూ "నాన్నా, మీ ఎడమ పాదం వేళ్లన్నీ పక్కకు కనిపిస్తున్నాయి, కుడి పాదానివి కనిపించడం లేదు" అంది. అద్దంలో చూసుకుంటే ఎడమ వంపు పూర్తిగా కుంగిపోయి ఉంది. ఆ కాలి మీద మునివేళ్లకు ఒక్కసారి కూడా లేవలేకపోయాను.

స్కానులో పైన కండరమిత్ర గారు చెప్పిన టెండనే చాలావరకు నలిగిపోయిందని తేలింది. చీలమండకు బిగుతైన పట్టీ, ఇన్‌సోల్, ఏడాదిపాటు వ్యాయామం. శస్త్రచికిత్స అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఇప్పుడు వారానికి ఒక రోజు డబుల్స్ ఆడతాను. మొదటి వాపు రోజే చూపించుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని వైద్యులు చెప్పారు. నలభై దాటినవారు, ముఖ్యంగా బరువు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఒక పాదం కొత్తగా కుంగుతుంటే దాన్ని వయసు మీదికి నెట్టేయకండి. ఆడవారిలో ఇది ఇంకా ఎక్కువట. ఇంకొక మాట, నొప్పి త్వరగా పోవాలని ఆ టెండన్ దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ కోసం పట్టుబట్టకండి. తెగే ప్రమాదం ఉందని నాకు వద్దన్నారు.

నెమ్మదిపరుగు

పాతరాకెట్ గారూ, ఇది చదివి మా అక్కకు పంపాను. ఆమెకు 47, సరిగ్గా ఇలాంటి వాపే ఉంది.

ఈకబంతి

పాతరాకెట్ గారి మాట చదివాక నేనూ ఆలస్యం చేయలేదు. ఎముకల వైద్యుడికి చూపించుకున్నాను. టెండన్ చుట్టూ వాపు ఉంది, తెగలేదు, ఎముకలో పగులు లేదు అన్నారు. బలపరిచే వ్యాయామం చేయమన్నారు, ఒక కాగితం మీద బొమ్మలు ఇచ్చారు. అందులో "పాదాన్ని పొట్టి చేయడం" అని ఒకటి ఉంది. ఎంత చేసినా నాకు వేళ్లు ముడుచుకోవడమే తప్ప ఇంకేమీ జరగడం లేదు. సరిగా ఎలా చేయాలి?

కండరమిత్ర

అందరూ తడబడేది దాని దగ్గరే. కుర్చీలో కూర్చుని, వట్టి పాదాన్ని నేల మీద పూర్తిగా ఆనించండి. మూడు చోట్ల బరువు తెలియాలి: మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు. బొటనవేలి మొదలును నేల వదలకుండా మడమ వైపు జరుపుతున్నట్టు లాగండి. నిజానికి అది ఎక్కువ జరగదు, ఒక వెంట్రుకవాసి. వంపు గోపురంలా కొద్దిగా లేస్తుంది. వేళ్లు పొడవుగా, మెత్తగా నేల మీదే పడి ఉండాలి. గోళ్ల చివరలు తెల్లబడుతుంటే వేళ్లతో పట్టేస్తున్నారని గుర్తు. ఐదారు సెకన్లు ఆపి వదలండి.

మొదట్లో మెదడుకు ఆ కండరం దొరకదు. చేతి వేలిని వంపు కింద మెత్తగా తాకించి ఉంచండి, ఆ వేలి మీద నుంచి చర్మం పైకి లేవాలి అనుకోండి. అయినా రాకపోతే ఇంకో దారి: చేత్తో బొటనవేలిని పైకి ఎత్తండి. వంపు దానంతట అదే లేస్తుంది. అరికాలి కింది పట్టీ బొటనవేలి కింద గిలకకు చుట్టుకున్న తాడులా బిగుసుకోవడం వల్ల అలా జరుగుతుంది. ఆ ఆకారాన్ని కళ్లతో చూసి, వేలిని మెల్లగా దించుతూ వంపును అలాగే నిలపడానికి ప్రయత్నించండి. కూర్చుని వచ్చాక నిలబడి, తర్వాత ఒంటికాలి మీద.

కానీ ఈ ఒక్కదానితో ఆటకు కావలసిన బలం రాదు. అసలైనది మడమ ఎత్తడం. రెండు మడమల మధ్య చిన్న బంతి పెట్టి, జారిపోకుండా నొక్కిపట్టి, మూడు సెకన్లలో పైకి, మూడు సెకన్లలో కిందికి. బంతిని నొక్కడం వల్ల మడమ లోపలికి తిరిగి మనకు కావలసిన టెండనే పని చేస్తుంది. 12 నుంచి 15 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. సులువయ్యాక ఒంటికాలి మీద, ఆ తర్వాత భుజానికి బరువున్న సంచి తగిలించుకుని. పిక్క బిగుసుకుని ఉంటే మడమ నేల మీద నిలవక, వంపు కుంగి ఆ లోటు తీరుస్తుంది. కాబట్టి గోడకు చేతులు ఆనించి పిక్కను సాగదీయండి, మోకాలు నిటారుగా ఒకసారి, వంచి ఒకసారి.

నొప్పి సున్నాకు రావాలని ఎదురుచూడకండి. పదికి మూడు నాలుగు వరకు ఉండి, మర్నాడు పొద్దున మామూలుకు వస్తే చేసిన పని సరిపోయినట్టు. మర్నాటికీ ఎక్కువగా ఉంటే అంతకు తగ్గించాలి. ఆటను వారానికి రెండు రోజులకు దించండి, మధ్యలో రెండు రోజుల ఎడం ఉంచండి. తాడాట ఆరు వారాల దాకా వద్దు.

తొలి అడుగు

నాకు చీలమండ బాగానే ఉంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద మేకు దిగినట్టు ఉంటుంది. పది అడుగుల తర్వాత తగ్గుతుంది. చదును పాదమే. ఇదే వ్యాయామం చేయవచ్చా?

కండరమిత్ర

అది అరికాలి పట్టీ నొప్పి, ప్లాంటార్ ఫేషియైటిస్ లక్షణంలా ఉంది. మీకు మడమ ఎత్తడంలోనే చిన్న మార్పు. తువ్వాలును గట్టిగా చుట్టి మెట్టు అంచున వేళ్ల కింద పెట్టుకోండి, వేళ్లు పైకి వంగి ఉండాలి. మూడు సెకన్లు పైకి, రెండు సెకన్లు ఆపడం, మూడు సెకన్లు కిందికి, రోజు విడిచి రోజు. మూడు నెలల దగ్గర చూస్తే వట్టి సాగదీతల కంటే దీనికే మంచి ఫలితం వచ్చిందని ఒక పరిశోధనలో తేలింది. ఓపిక కావాలి, రెండు వారాల్లో తేల్చేయకండి.

నెమ్మదిపరుగు

బూట్ల గురించి ఒక మాట. "చదును పాదాలకు ప్రత్యేకం" అన్న అక్షరాలు చూసి కొనకండి. చేత్తో చూడండి. మడమ వెనక గోడను బొటనవేలితో నొక్కితే సులభంగా కుంగిపోకూడదు. రెండు చివరలు పట్టుకుని వంచితే వేళ్లు మొదలయ్యే చోట వంగాలి, మధ్యలో మడత పడకూడదు. తడి బట్టను పిండినట్టు మెలితిప్పితే కొంత ఎదురు చెప్పాలి. పాదాలు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతాయి కాబట్టి అప్పుడు వేసి చూడండి. ఇంకొకటి, పరుగు బూట్లతో బ్యాడ్మింటన్ ఆడవద్దు. వాటి అడుగు ఎత్తుగా, మెత్తగా ఉండి పక్కకు దూకినప్పుడు పాదం ఒరిగిపోతుంది.

ఈకబంతి (ఏడు వారాల తర్వాత)

కుడి కాలి మీద 17 సార్లు లేస్తున్నాను. కొత్త కోర్టు బూట్లు, వాటిలో సిద్ధంగా దొరికే ఇన్‌సోళ్లు. మొదటి మూడు వారాలు ఏమీ మారలేదు. నాలుగో వారం ఒక పొద్దున మంచం దిగి వంటగది దాకా వెళ్లాక, కుంటలేదని గుర్తొచ్చి నిలబడిపోయాను.

ఒక విషయం నేనే కనిపెట్టాను. నెట్ దగ్గరి షటిల్ కోసం కుడి కాలు ముందుకు చాచి వంగినప్పుడు తీసిన వీడియో చూస్తే, నా మోకాలు బొటనవేలిని దాటి లోపలికి పడిపోతోంది. పాదం కోర్టు మూల వైపు కాక నెట్ మధ్యకు చూస్తోంది. ఇప్పుడు ముందు మడమ ఆనించి, వేళ్లను షటిల్ వైపు తిప్పి, మోకాలిని రెండో వేలి మీదుగా ఉంచుతున్నాను. రోజూ ఆట ముందు ఖాళీ కోర్టులో ఇరవైసార్లు నెమ్మదిగా చేస్తాను. చీలమండ లోపలి లాగుడు అక్కడికక్కడే తగ్గడం తెలుస్తోంది.

కండరమిత్ర

ఇది నేను అడగవలసిన ప్రశ్న, మీరే పట్టుకున్నారు. మోకాలు లోపలికి పడటం తుంటి పక్క కండరాల బలహీనత వల్ల కూడా కావచ్చు. పక్కకు పడుకుని పై కాలు ఎత్తే వ్యాయామం కలపండి. ఎడమ కాలిని కూడా వదలకండి.

ఎడమకాలి షాట్

అన్నయ్యా, ఇంట్లో చెప్పాను. నాన్న కోప్పడలేదు. స్కానులో మీరు చెప్పినట్టే రెండు ఎముకలు కలిసి ఉన్నాయని తేలింది. ఆరు వారాలు కట్టు వేశారు, తీసి పది రోజులైంది. ఇప్పుడు మెల్లగా నడిపిస్తున్నారు. శస్త్రచికిత్స కావాలా వద్దా అనేది మూడు నెలలు చూసి చెబుతామన్నారు. ఈలోగా గోల్ దగ్గర నిలబడి చిన్నపిల్లలకు చేతులతో బంతి విసురుతున్నాను.

పాతరాకెట్

బాబూ, చాలా మంచి పని చేశావు. మూడు నెలలు ఇట్టే గడిచిపోతాయి.

ఈకబంతి (పన్నెండు వారాల తర్వాత)

కుడి 23, ఎడమ 25. నిన్న చెక్క కోర్టులో మూడు గేములు ఆడాను. ఈ రోజు పొద్దున చీలమండ లోపలి వైపు వేలితో నొక్కి చూశాను, కొంచెం తెలుస్తోంది, అంతే. తడి పాదం అచ్చు ఇప్పటికీ మధ్యలో ఖాళీ లేకుండా నిండుగానే పడుతోంది. వచ్చే వారం నుంచి మూడో రోజు ఆట కలుపుతున్నాను, నాలుగోది ఇంకో నెల తర్వాత. ఈత నేర్చుకోమన్న ఆయనే నిన్న నా జోడీ.